సంతకం అడిగితే తొందరపడొద్దు

సంపాదకునికి,

65 దాటాక గ్రీన్‌కార్డు మీద అమెరికాలోని పిల్లల దగ్గరికి చేరాలా వద్దా అని తర్జనభర్జన పడే తల్లిదండ్రులు వీసా గురించే ఆరా తీస్తారు. అసలు చిక్కు వైద్యబీమాతో. సొంతంగా ప్రీమియం కట్టి మెడికేర్‌లో (అక్కడి వృద్ధులకు ప్రభుత్వ వైద్యబీమా) చేరాలన్నా అక్కడ వరసగా 5 ఏళ్లు నివాసం ఉండాలి. అందాకా ప్రైవేటు పాలసీయే గతి.

ఏడాదిలో ఎక్కువ భాగం ఇక్కడే గడిపి, కార్డు నిలుపుకోవడానికి చుట్టపుచూపుగా వెళ్లొస్తామంటే ఇప్పటి రాజకీయ వాతావరణంలో కష్టమే. అమెరికా బయట 6 నెలలు దాటితే ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటితే ఉత్త కార్డు సరిపోదు. రీఎంట్రీ పర్మిట్ (తిరిగి ప్రవేశానికి ముందస్తు అనుమతి) కోసం ఐ-131 దరఖాస్తు అమెరికాలో ఉండగానే పెట్టాలి, ఇక్కడికొచ్చాక కుదరదు. విమానాశ్రయంలో ఐ-407 ఫారం ముందు పెడితే ఆగి చదవండి. కార్డును స్వచ్ఛందంగా వదులుకుంటున్నామని ఒప్పుకునే కాగితమది. ప్రయాణ బడలికలో, అదేదో మామూలు ఫారమనుకొని సంతకం చేస్తే అంతే సంగతులు. నిరాకరించి, ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు విచారణ కోరవచ్చు.

ఇక డబ్బు. ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వోగా (ప్రవాసుల రూపాయి ఖాతా) మార్చాలి. అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా అమెరికా ప్రభుత్వానికి ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాల నివేదిక) దాఖలు చేయాలి. పన్ను లేకపోయినా సరే. కేంద్ర పింఛనుదార్లకు ఏటా బతికున్నట్టు ధ్రువీకరణ పత్రం (లైఫ్ సర్టిఫికెట్) ఇవ్వడం ఎలాగూ తప్పదు.

ఇల్లు మాత్రం మొదటి రెండేళ్లు అమ్మకండి.

– ఒక పాఠకుడు