వార్షిక నివేదిక: నేల మీద ఉండగానే కాపాడుకున్న విమానాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన రేడియో కంట్రోల్ మోడల్ విమానాల సంఘం ఏం చేసిందని ఎవరైనా అడిగితే, విమానాన్ని నేల మీద ఉండగానే కాపాడుకోవడం నేర్చుకున్నామని చెబుతాను. విమానం కూలిన ప్రతిసారీ 'సిగ్నల్ పోయింది' అనేసి ముక్కలు ఏరుకుని ఇంటికి పోవడం మనలో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఏడాది మొదట్లో కార్యవర్గం దీన్ని మార్చింది. కూలిన విమానాన్ని మైదానం పక్కన బల్ల మీద పరిచి, ఎగరేసినవారితో పాటు అనుభవమున్న మరో ఇద్దరు కూర్చుని చూడాలి, ఎవరినీ తప్పుపట్టకూడదు అని నియమం పెట్టుకున్నాం. అలా చూసినవాటిలో నిజంగా సిగ్నల్ తెగినవి అరుదు. స్క్రూ వదులై ఊడిన సర్వో హార్న్ (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్ చేయి), సరిగా పట్టని క్లెవిస్ (ఆ చేతిని పలకకు కలిపే కడ్డీ చివరి క్లిప్పు), పట్టీ సడలి వెనక్కి జారిన బ్యాటరీ, అతుకు వదిలిన హింజ్ (పలక కీలు) లాంటివే మళ్లీ మళ్లీ బయటపడ్డాయి. ఇవన్నీ టేకాఫ్‌కి ముందు రెండు నిమిషాలు చూస్తే దొరికేవే.

తయారీ తరగతులు

ఫోమ్ విమానాలు పెట్టె విప్పి బిగించుకుంటే ఎగిరిపోతాయి. వాటి మీద మాకు చిన్నచూపు లేదు, కొత్తవారికి అవే మేలు. అయితే ఏ భాగం ఎందుకు అలా ఉందో తెలియాలంటే ఒక్క విమానమైనా సొంత చేతులతో కట్టాలి. అందుకే ఈసారి బాల్సా కర్రతో, రెక్క బాడీ పైన ఉండే ట్రైనర్‌ను (నేర్చుకునేవారి విమానాన్ని) అందరం కలిసి కట్టాం.

బాల్సా తేలికే గానీ ఏ రెండు పలకలూ ఒకే బరువు తూగవు. మొదటి తరగతి మొత్తం తూకానికే పోయింది. గట్టి పలకలను స్పార్లకు (రెక్క పొడవునా సాగే దూలాలకు), మెత్తనివాటిని రిబ్బులకు (వాటికి అడ్డంగా ఉండే పక్కటెముకలకు), అన్నిటికన్నా తేలికైనవాటిని తోకకు కేటాయించాం. తోక దగ్గర పొదుపు చేయడానికి కారణం ఉంది. సీజీ (విమానం బరువు సమతూకమయ్యే బిందువు) నుంచి తోక ఎంతో దూరం, ముక్కేమో దగ్గర. తోకలో ఒక్క గ్రాము జిగురు ఎక్కువైనా దాన్ని సరితూచడానికి ముక్కులో అంతకు రెండు మూడింతల బరువు పెట్టాల్సి వస్తుంది. ఈ లెక్క చెప్పాక జిగురు సీసాను పట్టుకునే తీరే మారిపోయింది.

రెక్కకు పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి ఇస్త్రీ చేసిన రోజు గురించి కాస్త చెప్పాలి. వేడికి ఫిల్మ్ ముడుచుకుని బిగుతుగా వచ్చింది, ముడతలు లేవు, అందరికీ సంతోషం. కొత్తగా చేరిన సభ్యురాలొకరు రెక్కను కంటి ఎత్తుకు లేపి వెనక నుంచి చూశారు. ఎడమ చివర వెనక అంచు కొద్దిగా కిందికి మెలిపడింది. బల్ల మీద పెడితే తెలియనంత చిన్న మెలిక. కానీ దిగేటప్పుడు వేగం తగ్గితే ఆ చివరే ముందు స్టాల్ అవుతుంది, అంటే పైకి ఎత్తే బలం కోల్పోతుంది, విమానం ఎడమకు బోర్లాపడుతుంది. ఒకరు రెక్క మొదలు పట్టుకోగా, ఇంకొకరు చివరను ఎదురు దిక్కుకు మెలితిప్పి ఉంచారు. మూడోవారు హీట్ గన్‌తో రెండువైపులా ఫిల్మ్‌ను మళ్లీ కాచారు. చల్లారేదాకా ఎవరూ చేయి వదల్లేదు. రెండు చివర్లలోనూ వెనక అంచు రవ్వంత పైకి ఉండేలా, అంటే వాషౌట్ ఉండేలా సరిచేశాకే తరగతి ముగించాం. ఆ ట్రైనర్ ఇప్పుడు ఎంత నెమ్మదిగా దించినా రెక్క వాల్చడం లేదు.

ఎగరేసే ముందు

ఇప్పుడు మైదానంలో ఎవరూ ఒంటరిగా టేకాఫ్ చేయరు. పక్కన ఒకరు నిలబడి తనిఖీ పైకి చదవాలి, ఎగరేసేవారు చేసి చూపాలి. సీజీతో మొదలుపెడతాం. ట్రైనర్లకు అది రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో 25 నుంచి 33 శాతం మధ్య ఉండాలి, బ్యాటరీ బిగించాకే చూడాలి. ముక్కు బరువైతే విమానం మొండికేస్తుంది, తోక బరువైతే అసలు చేతికే చిక్కదు. ఆ తర్వాత చేతిలోని ట్రాన్స్‌మిటర్‌ను తక్కువ పవర్‌లో పెట్టి 30 అంగలు దూరం నడిచి, సిగ్నల్ అందుతోందా అని రేంజ్ చెక్. సిగ్నల్ తెగితే మోటార్‌ను ఆపే ఫెయిల్‌సేఫ్‌ను ప్రొపెల్లర్ తీసేసి ఇంటి దగ్గరే చూసుకురావాలి: ట్రాన్స్‌మిటర్ ఆపగానే మోటార్ ఆగాలి.

చివరగా కంట్రోల్స్. రెండు విమానాలు తెచ్చుకున్న పెద్దాయన ఒకరు మొదటిది ఎగరేసి దించి, రెండోదాన్ని గీత దగ్గరికి తెచ్చారు. ఏలెరాన్లు (రెక్కల వెనక అంచు పలకలు) కదులుతున్నాయి, ఎలివేటర్ (తోక పలక) కదులుతోంది. పక్కన చదువుతున్న పిల్లవాడు విమానం వెనక నిలబడి 'కుడి' అన్నాడు. స్టిక్ కుడికి వెళ్లింది, కుడి ఏలెరాన్ కిందికి దిగింది. పైకి లేవాలి కదా అన్నాడు వాడు. ట్రాన్స్‌మిటర్ చూస్తే ఇంకా మొదటి విమానం సెట్టింగుల మెమరీలోనే ఉంది. అది అలాగే లేచి ఉంటే మొదటి మలుపులోనే నేల కరిచేది. కదులుతోందా అని చూస్తే చాలదు, ఎటు కదులుతోందో చూడాలి. తనిఖీ చీటీలో కంట్రోల్స్ దగ్గర ఇప్పుడు ఆ వాక్యమే మొదట ఉంది.

శిక్షణ

బడ్డీ కేబుల్ పద్ధతి, అంటే గురువు, నేర్చుకునేవారి ట్రాన్స్‌మిటర్లను తీగతో కలపడం, కొనసాగింది. గురువు స్విచ్ వదిలితే అదుపు క్షణంలో ఆయన చేతికి వస్తుంది కాబట్టి నేర్చుకునేవారికి భయం తగ్గింది. విమానం మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారైనట్టు అనిపించడం అందరినీ తికమకపెట్టేదే. వాలిన రెక్క ఏ వైపుంటే స్టిక్‌ను ఆ వైపుకే నెట్టి దానికి ఆసరా ఇవ్వాలని చెప్పాం. నెల తిరిగేసరికి చాలామందికి ఆలోచించే పని లేకుండా చేయి దానంతటదే పోతోంది.

గాలివాటున మలుపులు ఇంకా ఆందోళన కలిగిస్తున్నాయి. గాలి వెనక నుంచి తోస్తుంటే నేల మీద నిలబడ్డవారికి విమానం మహా వేగంగా పోతున్నట్టు కనిపిస్తుంది. దాంతో థ్రాటిల్ తగ్గిస్తాం, స్టిక్ లాగుతాం. రెక్కకు కావలసింది గాలితో పోల్చిన వేగం, అదేమో పడిపోతుంది. తక్కువ ఎత్తులో ఇలా స్టాల్ అయితే తేరుకోవడానికి చోటుండదు. వచ్చే ఏడాది శిక్షణలో సింహభాగం దీనికే ఇవ్వాలన్నది నా అభిప్రాయం.

బ్యాటరీలు

లైపో (లిథియం పాలిమర్) సెల్‌ను 4.2 వోల్టులు దాటనివ్వకండి, 1సి దగ్గరే చార్జ్ చేయండి. 1సి అంటే ప్యాక్ సామర్థ్యమెంతో అంత కరెంటు: 2200 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-అవర్) ప్యాక్‌కు 2.2 ఆంపియర్లు. ఎగరేయని రోజుల్లో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. ఉబ్బిన ప్యాక్‌ను మైదానంలోకి అనుమతించం, ఎవరిదైనా సరే.

సమావేశాలు, ఖాతాలు

పాతతరం సభ్యులు చెప్పిన ముచ్చట్ల సాయంత్రం అందరికీ నచ్చింది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సెట్లు రాకముందు ఒకే చానల్‌లో ఇద్దరు ట్రాన్స్‌మిటర్లు ఆన్ చేస్తే విమానం పోయినట్టే. అందుకే చానల్‌కొక పిన్ను ఉండే ఫ్రీక్వెన్సీ బోర్డు మీద తమ చానల్ పిన్ను తీసుకున్నవారే సెట్ ఆన్ చేసేవారు. పక్కవారిని అడగకుండా స్విచ్ వేయకూడదన్న ఆ మర్యాద మనకు ఇప్పటికీ అవసరమే.

అమెరికాకు చెందిన మోడల్ విమానాల నిపుణుడు మేనార్డ్ హిల్ బృందం అట్లాంటిక్ దాటించిన విమానం మీద కూడా ఆ సాయంత్రమే చర్చ సాగింది. 2003 ఆగస్టులో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో లేచిన ఆ బాల్సా విమానం 38 గంటలకు పైగా ఎగిరి ఐర్లాండ్‌లో దిగింది. ఇంధనంతో కలిపి 5 కిలోల లోపే. టేకాఫ్, ల్యాండింగ్ మనుషుల చేతుల మీదుగా జరిగాయి, మధ్యలో జీపీఎస్ సాయంతో ఆటోపైలట్ నడిపింది. దానికి ముందు వాళ్లు పంపిన విమానాలు ఆవలి ఒడ్డు చేరలేదు. అప్పటికి హిల్ వయసు 77, చూపు బాగా మందగించింది. అయినా వదల్లేదు. తనిఖీ చీటీ చాదస్తమని విసుక్కునేవారు ఆ విమానం తయారైన తీరు చదవాలని కోరుతున్నాను.

ఖాతాల తనిఖీ పూర్తయింది, పత్రాలు కోశాధికారి దగ్గర ఉన్నాయి.

ప్రతిపాదనలు

సర్వసభ్య సమావేశం ముందుకు మూడు తెస్తున్నాం. రెండు విమానాలు గాల్లో ఉన్నప్పుడు ప్రతి పైలట్ పక్కనా ఒక పరిశీలకుడు తప్పనిసరి. ల్యాండింగ్ అని గట్టిగా చెప్పకుండా ఎవరూ రన్‌వే వైపు తిప్పకూడదు. తయారీ తరగతుల్లో ఈసారి మోటార్ లేని గ్లైడర్ కట్టాలి. మూడోదానిపై కార్యవర్గంలోనే భిన్నాభిప్రాయాలున్నాయి, మోటార్ ఉన్న గ్లైడర్ చాలని కొందరి వాదన. కాబట్టి ఓటుకు పెడుతున్నాం. సవరణలేవైనా ఉంటే సమావేశానికి వారం ముందు రాతపూర్వకంగా ఇవ్వండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి