వెండికి గంధకమే ఎందుకు?

మైలాపూరు, చెన్నై

ఒరేయ్ సుబ్బూ,

ఉత్తరం అందింది. సోడియం కనబడిన ప్రతిదాన్నీ పట్టుకుంటుంది, బంగారం దేన్నీ దగ్గరికి రానివ్వదు, ఎందుకని మీ చిట్టి అడిగిందన్నావు. "ఎనిమిది ఎలక్ట్రాన్లు కావాలని మూలకాలు తాపత్రయపడతాయి" అన్న టెన్త్ జవాబు మాత్రం చెప్పకు. అది మార్కులకు సరిపోతుంది, అంతే. పరమాణువులకు కోరికలుండవురా. ఉన్నదల్లా జమాఖర్చు.

ఉప్పు లెక్క చూడు. ఒక మోల్, అంటే 58 గ్రాముల ఉప్పు తయారవ్వాలి. సోడియం ముక్కను విడి పరమాణువులుగా చెయ్యడానికి 107 కిలోజౌళ్ల ఖర్చు. జంటగా తిరిగే క్లోరిన్‌ను విడదీయడానికి 121. సోడియం నుంచి ఒక ఎలక్ట్రాన్ ఊడబెరకడానికి 496. మొత్తం 724. ఆ ఎలక్ట్రాన్‌ను క్లోరిన్ పుచ్చుకున్నందుకు తిరిగి వచ్చేది 349 మాత్రమే. సోడియం నవ్వుతూ ఇచ్చినట్టు, క్లోరిన్ నవ్వుతూ తీసుకున్నట్టు పుస్తకాల్లో బొమ్మ వేస్తారు చూడు, అక్కడిదాకా మనకు 375 నష్టం! గట్టెక్కించేది తర్వాతి మెట్టు. ధన, ఋణ అయాన్లు వరసలుగా పేర్చుకుని స్ఫటికం కట్టినప్పుడు 787 వస్తుంది. ఖర్చులు పోను 410 పైచిలుకు మిగులు.

మరి రెండో ఎలక్ట్రాన్ కూడా లాగి రెండు క్లోరిన్లు తగిలించొచ్చుగా? ఆ రెండోది లోపలి కక్ష్యలోది, దాని ధర 4562. మూలకాల పట్టికలో పక్క గడిలోని మెగ్నీషియం తాలూకు క్లోరైడు స్ఫటికం కడితేనే వచ్చేది 2500 చిల్లర. సోడియానికీ అంతే వచ్చిందనుకున్నా అప్పు తీరదు. మెగ్నీషియంకు మొదటి రెండూ కలిపి 2189కే వస్తాయి కాబట్టి అక్కడ బేరం కుదిరింది. దానికీ మూడోది 7733, ఇక దుకాణం బంద్.

జడవాయువులు ఎవరితోనూ కలవవన్న మాటా ఈ లెక్క ముందు నిలవలేదు. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఏకంగా ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్ లాగేస్తుందని వాంకూవర్‌లో నీల్ బార్ట్‌లెట్ అనే రసాయనవేత్త కనిపెట్టాడు. ఎలక్ట్రాన్ లాగడానికి ఆక్సిజన్ అణువు ధర 1165, జడవాయువైన జినాన్ ధర 1170. ఇంత దగ్గరగా ఉంటే ఎవరైనా ఊరుకుంటారా? 1962లో జినాన్‌ను ఆ ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌తో కలిపి చూశాడు, పసుపు నారింజ కలిసిన రంగులో ఘనపదార్థం వచ్చింది.

అసలు తిరకాసు మీ ఇంట్లో పట్టీల దగ్గరుంది. ఋణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే బలం) పట్టికలో వెండి 1.93, గంధకం 2.58, ఆక్సిజన్ 3.44. తేడా ఎక్కువైతే బంధం గట్టిదన్న సూత్రమే నిజమైతే, వెండి పోయి ఆక్సిజన్‌ను పట్టుకోవాలి. కానీ వెండి ఆక్సైడ్ రెండు మూడు వందల డిగ్రీల వేడికే విడిపోతుంది. గాలిలో లవలేశంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను మాత్రం వెండి వెతుక్కుంటూ పోతుంది (చూశావా, నేనూ కోరికలు అంటగడుతున్నాను). మా కూవం నది ఒడ్డున ముక్కు మూసుకునేలా చేసే కుళ్లిన గుడ్ల కంపు ఆ హైడ్రోజన్ సల్ఫైడ్‌దే. అందులోని గంధకం వెండితో కలిసి వెండి సల్ఫైడ్ అవుతుంది, పట్టీల మీది నలుపు అదే.

ఈ తిరకాసుకు 1963లో రాల్ఫ్ పియర్సన్ అనే రసాయనవేత్త ఒక దారి చూపాడు. పెద్ద ఒళ్లు, తేలిగ్గా వంగే ఎలక్ట్రాన్ మేఘం ఉన్నవి మెత్తనివి: వెండి, పాదరసం, గంధకం, అయొడిన్. చిన్నగా, బిగుతుగా ఉన్నవి గట్టివి: అల్యూమినియం, మెగ్నీషియం, ఆక్సిజన్, ఫ్లోరిన్. మెత్తనిది మెత్తనిదానితో, గట్టిది గట్టిదానితో. భూమిలోనూ అదే వరస. విశాఖ మన్యంలో అల్యూమినియం ఆక్సిజన్‌తో కూడి బాక్సైట్‌గా దొరికితే, పల్నాటి అగ్నిగుండాలలో సీసం గంధకంతో కూడి గెలీనాగా దొరుకుతుంది.

చిట్టికి ఇది చేసి చూపించు. స్టీలు గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, నల్లబడ్డ పట్టీలు దానికి తగిలేలా పెట్టు. వాటి మీద రెండు టేబుల్ స్పూన్ల వంటసోడా, ఒక స్పూను ఉప్పు చల్లి, లీటరు మరిగిన నీళ్లు మెల్లగా పొయ్యి. పొంగుతుంది, పెద్ద గిన్నే తీసుకో. అయిదు పది నిమిషాల్లో నలుపు విడుస్తుంది. పని జరగలేదంటే పట్టీ ఫాయిల్‌కు తగల్లేదన్నమాట, లేదా నీళ్లు చల్లారిపోయాయి. అల్యూమినియం ఇచ్చే ఎలక్ట్రాన్లు వెండికి చేరాలంటే రెండూ తాకాల్సిందే. సోడా పని అల్యూమినియం మీది ఆక్సైడ్ పొరను కరిగించడం, ఉప్పు పని నీళ్లలో విద్యుత్తు నడిపించడం. కాస్త కుళ్లిన గుడ్ల వాసన వస్తే కంగారుపడకు, కిటికీ తెరువు. గంధకం బయటికి పోతోందని అర్థం. దాన్ని అల్యూమినియం నీళ్లలో అట్టేపెట్టుకోదు, ఆక్సిజన్‌నే పట్టుకుంటుంది. ముత్యాలు, అతికించిన రాళ్లు, బంగారు పూత ఉన్నవి మాత్రం వెయ్యకు. నగిషీ కోసం కావాలని నల్లబరిచిన ఆంటిక్ వెండి వేస్తే ఆ అందం కాస్తా పోతుంది. విభూతితో రుద్దినా, షావుకారుపేటలో పాలిష్ పెట్టించినా నలుపుతో పాటు కాస్త వెండీ పోతుంది. ఈ పద్ధతిలో ఆ వెండి పట్టీలోనే ఉండిపోతుంది. రాగి చెంబుకు పనిచేసే చింతపండు ఇక్కడ పనికిరాదు. రాగి ఆక్సైడ్ పులుపుకి కరుగుతుంది, వెండి సల్ఫైడ్ కదలదు.

ఇక బంగారం. దాన్ని విడి పరమాణువులుగా చెయ్యడానికి 368, ఎలక్ట్రాన్ లాగడానికి 890. మొదలు పెట్టకముందే 1258 పెట్టుబడి! సోడియానికి అది 603. బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లు ఉండటంతో లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి పైగా వేగంతో తిరుగుతాయి, దాంతో బయటి ఎలక్ట్రాన్ కూడా లోపలికి ముడుచుకుపోతుంది. అందుకే అంత ధర. బంగారాన్ని కరిగించే ఆమ్లాల మిశ్రమం ద్రవరాజం. అందులో కరగడానికీ ఇద్దరు కావాలి. నత్రికామ్లం ఎలక్ట్రాన్ లాగితే, మూడింతల హైడ్రోక్లోరికామ్లంలోని క్లోరైడు వెంటనే ఆ బంగారాన్ని చుట్టేసి పట్టుకోవాలి. ఏ ఒక్కటీ విడిగా దాన్ని కరిగించలేదు.

అయితే బంగారం ఎలక్ట్రాన్ పుచ్చుకుంటే వచ్చేది 223. ఆక్సిజన్‌కు వచ్చే 141 కంటే ఎక్కువ! అందుకే సీజియంతో కలిస్తే అది లోహంలా ఉండదు. ఋణ అయాన్‌గా మారి, సీజియం క్లోరైడులో క్లోరిన్ కూర్చునే చోటే కూర్చుంటుంది. చిట్టికి ఇది చెప్పు, బంగారం దేనితోనూ కలవదన్న మాట వెనక్కి తీసుకుంటుంది.

పట్టీలు దాచేటప్పుడు రబ్బరు బ్యాండు వెయ్యొద్దని చెల్లెమ్మతో అను. రబ్బరులో గంధకం ఉంటుంది.

నీ
శేషు