క్లారా గురించి నువ్వడిగినదానికి జవాబు

ఒరే గురూ,

మొన్న ఫోన్‌లో "ఆ క్లారా షూమన్‌కీ బ్రామ్స్‌కీ ఏదో ఉందటగా, నిజమేనా?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోపు లైను పోయింది. పోవడమే మంచిదైంది. ఆ స్వరకర్త బ్రామ్స్ ముచ్చట తర్వాత చెప్తాలే. నా లెక్కలో ఈ పియానో విద్వాంసురాలు ముందు ఇల్లు నడిపిన సంపాదనపరురాలు, మిగతావన్నీ ఆ తర్వాతే. ఈ సంగతి చెప్పాలంటే ఉత్తరమే నయం, మధ్యలో నువ్వు అడ్డు తగలవు.

1819లో లైప్‌జిగ్‌లో పుట్టింది. తండ్రి ఫ్రీడ్రిష్ వీక్ పియానోలు అమ్మేవాడు, పాఠాలు చెప్పేవాడు. తల్లి మంచి గాయని, పియానో కూడా వాయించేది. మొగుడితో వేగలేక విడిపోయింది. అప్పటి చట్టంలో పిల్ల తండ్రి సొత్తు కాబట్టి, ఐదేళ్లు నిండగానే క్లారాని ఆయన దగ్గరికి పంపెయ్యాల్సి వచ్చింది. నాలుగేళ్లు దాటేదాకా ఆ పిల్లకి మాటలే రాలేదట. వీక్ మటుకు ఆమెను పందెపు గుర్రాన్ని సాకినట్టు సాకాడు: రోజూ పాఠం, రోజూ సాధన, రోజూ మైళ్లకొద్దీ నడక. నన్ను ఆశ్చర్యపరిచింది డైరీ సంగతి. పిల్లకి ఎనిమిదేళ్లు రాకముందే ఆమె పేరిట డైరీ మొదలుపెట్టి, "నేను", "మా నాన్న" అంటూ తనే రాసేవాడు! కూతురి మనసులో మాట కూడా నాన్నే రాసిపెట్టాడన్నమాట. ఎంత చిత్రమైన మనిషో చూడు.

అయితే చదువు మాత్రం గట్టిగానే చెప్పాడు. తొమ్మిదేళ్లకి లైప్‌జిగ్‌లోని కచేరీ మందిరం గెవాండ్‌హౌస్‌లో వేదికెక్కింది, పదకొండేళ్లకి అక్కడే సొంత కచేరీ చేసింది. 1831లో వైమార్‌లో గేటే ముందు వాయించడానికి కూర్చుంటే కుర్చీ ఎత్తు చాలలేదు. ఎనభై దాటిన ఆ మహాకవి స్వయంగా లేచెళ్లి దిండు తెచ్చి వేశాడు. ఇక పద్నాలుగేళ్లు వచ్చేలోపే ఏ మైనర్ కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే పెద్ద రచన) రాయడం మొదలుపెట్టింది. 1835లో స్వరకర్త మెండెల్సన్ ఆర్కెస్ట్రా నడుపుతుండగా తనే వాయించింది. దాని రెండో భాగం వినాలిరా! ఆర్కెస్ట్రా మొత్తం నోరు మూసుకుంటుంది, పియానోతో ఒక్క చెల్లో (వయొలిన్ జాతి పెద్ద వాద్యం) మాత్రమే మాట్లాడుతుంది. ఆ వయసు పిల్లకి అలా ఊరుకోబెట్టాలని ఎలా తోచిందో!

రాబర్ట్ షూమన్ వీక్ దగ్గరే శిష్యుడు, కొన్నాళ్లు వాళ్లింట్లోనే ఉన్నాడు. కుడిచెయ్యి పాడై వాయిద్యం వదిలేసి, సంగీతం రాయడంలో పడ్డాడు. వీళ్ల ప్రేమ సంగతి తెలిసి వీక్ ఎగిరిపడ్డాడు. కోర్టుకెక్కారు. కూతురు కచేరీలు చేసి సంపాదించిన డబ్బూ, ఆమె పియానో కూడా ఇవ్వనన్నాడు. చివరికి కోర్టు అనుమతిచ్చాక 1840 సెప్టెంబర్ 12న పెళ్లయింది. ఒక్కరోజు ఆగితే ఆమెకి ఇరవై ఒకటి నిండేవి. ఆ ఒక్కరోజు ఆగకపోవడం నాన్న మీద కసేనని నా అనుమానం.

తర్వాత ఎనిమిది కాన్పులు. రాబర్ట్ రాసుకుంటున్నంతసేపూ పక్కగదిలో ఆవిడ పియానో ముట్టుకోకూడదు. గోడలు పల్చన మరి. భార్యాభర్తలిద్దరూ కలిసి రాసుకున్న డైరీలో ఆయనే ఒప్పుకున్నాడు: పిల్లలూ, ఎప్పుడూ ఊహల్లో ఉండే మొగుడూ ఉంటే ఇక ఆవిడ స్వరరచన ఎక్కడ సాగుతుందని. తెలిసీ ఏం చేశాడంటావా? ఏమీ చెయ్యలేదు. ఆయన మీద నాకున్న కోపం ఇదొక్కటే.

1849లో వాళ్లుంటున్న డ్రెస్డెన్‌లో తిరుగుబాటు లేచింది. దళంలో చేరమని రాబర్ట్ కోసం వస్తే, పెద్దమ్మాయిని వెంటబెట్టుకుని ఇద్దరూ పెరటిదారిన తప్పించుకున్నారు. చిన్నపిల్లలు ముగ్గురూ ఊళ్లోనే ఉండిపోయారు. కడుపుతో ఏడో నెల. అయినా క్లారా అర్ధరాత్రి దాటాక పొలాలకడ్డంపడి, తుపాకులు పేలుతున్న ఊళ్లోకెళ్లి పిల్లల్ని తెచ్చుకుంది. రాబర్ట్ రాలేదు. ఇది చదివాక ఆ కుటుంబాన్ని ఎవరు నడిపారో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదనిపించింది.

1854 ఫిబ్రవరిలో రాబర్ట్ డ్యుసెల్‌డార్ఫ్‌లో రైన్ నదిలో దూకాడు. పడవవాళ్లు బయటికి లాగారు. బాన్ దగ్గర ఎండెనిష్‌లో మానసిక చికిత్సాలయంలో చేర్చారు. రెండేళ్లకు పైగా డాక్టర్లు ఆయన్ని చూడ్డానికి క్లారాని రానివ్వలేదు. ఆయన పోవడానికి రెండురోజుల ముందు చూడనిచ్చారు. ఈ మధ్యలో ఆఖరి కొడుకు ఫెలిక్స్ పుట్టాడు, తండ్రి ఆ పిల్లాణ్ణి చూడనే లేదు. చందాలు పోగుచేసి ఇస్తామని కొందరు ముందుకొస్తే వద్దంది. 1854 శరదృతువులోనే బయల్దేరి ఊరూరా కచేరీలు మొదలుపెట్టింది. ఇంట్లో ఖర్చులపద్దు ఎవరు రాశారనుకున్నావు? ఇరవయ్యొక్కేళ్ల బ్రామ్స్!

ఇదిగో నీ ప్రశ్నకొచ్చాను. ఆవిడకంటే అతను పద్నాలుగేళ్లు చిన్న. ప్రేమించాడు, అందులో సందేహం లేదు, ఉత్తరాల్లోనే కనిపిస్తుంది. పెళ్లి మాత్రం చేసుకోలేదు. చివరిదాకా స్నేహం నిలిచింది, మధ్యమధ్యలో పోట్లాడుకున్నారు కూడా. చాలా ఉత్తరాలు వాళ్లే నాశనం చేశారు. ఇంతే. ఇంతకు మించి కథలల్లేవాళ్లని నమ్మకు.

నన్ను బాధపెట్టేది వేరే. 1846లో రాసిన జి మైనర్ పియానో ట్రయో (పియానో, వయొలిన్, చెల్లో మూడింటికీ రాసిన రచన), ఓపస్ 17, ఆవిడ రచనల్లో నాకు అన్నిటికంటే ఇష్టం. మరుసటేడు రాబర్ట్ కూడా ఒక ట్రయో రాసేసరికి, తనది మరీ ఆడపిల్ల రాసినట్టు మెత్తగా ఉందనుకుంది. ఇరవయ్యేళ్లప్పుడే, ఆడవాళ్లు స్వరరచన ఆశించకూడదని డైరీలో రాసుకున్న మనిషి మరి. 1853 వేసవిలో ఒక్కసారిగా బోలెడు రాసి, ఆ తర్వాత ఒకటీ అరా చిన్నవి తప్ప ఆపేసింది. ఇంకా నలభైమూడేళ్లు బతికింది! రాసే శక్తి లేక కాదనుకుంటా. కచేరీ చేస్తే పిల్లల ఫీజు వస్తుంది, ట్రయో రాస్తే ఏమొస్తుంది?

1878 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాఠాలు చెప్పింది, 1891లో చివరి కచేరీ చేసింది, 1896లో పోయింది. నలుగురు పిల్లలు తనకంటే ముందే పోయారు, మరో కొడుకు చాలా ఏళ్లు పిచ్చాసుపత్రిలోనే ఉన్నాడు. మనవలనీ తనే సాకింది. యూరో రాకముందు జర్మనీ వాళ్ల నూరు మార్కుల నోటు మీద ఆవిడ బొమ్మే ఉండేది. డబ్బు సంపాదించి ఇల్లు నిలిపిన మనిషిని నోటుకెక్కించడం నాకైతే సబబుగానే తోచింది.

ఆవిడ వాయించిన రికార్డేదీ లేదు. శిష్యురాలు ఫానీ డేవీస్ 1928లో రాబర్ట్ రాసిన పియానో కన్సర్టో రికార్డు చేసింది. పాతకాలపు గరగర ఉన్నా హడావుడి లేని ఆ చేతివాటం చూడు, గురువు ఎలా నేర్పిందో కొంచెం అంచనాకొస్తుంది.

నువ్వు మాత్రం ముందు ట్రయో మూడో భాగంతో మొదలుపెట్టు, చెల్లెమ్మని కూడా కూర్చోబెట్టు. ఆదివారం ఫోన్ చేస్తా. బ్రామ్స్ మాటెత్తకుండా పదినిమిషాలు మాట్లాడగలవేమో చూద్దాం.

నీ వాడు