ఆపరేషన్ థియేటర్ బయట నా పక్కన కూర్చున్న పెద్దావిడకు

మొన్న మంగళవారం గుంటూరులో నాన్నకు ఆపరేషన్ జరుగుతుంటే నాకు ఆసరాగా నిలిచిన అమ్మకు ఈ నాలుగు మాటలు. పేరు కూడా అడగలేదు, ఏమీ అనుకోకండి.

నాది తేలికపాటి ఆస్తమానే. నెలల తరబడి ఇన్‌హేలర్ బ్యాగులోంచి తీయను. టెన్షన్ పడితే మాత్రం ఊపిరి పైపైన, గబగబా ఆడుతుంది, ఛాతీ బిగుసుకుని పిల్లికూతలు మొదలవుతాయి. ఆ రోజూ అంతే. చుట్టూ ఉన్నవాళ్లు "పడుకోబెట్టండి" అని ఒకటే గోల. పడుకుంటే ఇంకా ఆడదు మహాప్రభో!

మీరొక్కరే టిఫిన్ క్యారియర్ పక్కన పెట్టి, నన్ను కాస్త ముందుకు వంచి, మోచేతులు మోకాళ్ల మీద పెట్టించారు. కంగారులో నేను ఊపకుండానే నొక్కేసిన నీలం ఇన్‌హేలర్ తీసుకుని, బాగా ఊపి ఇచ్చారు. "ముందు ఊపిరంతా వదులు. ఇప్పుడు నొక్కుతూ మెల్లగా పీల్చు. పది లెక్కపెట్టేదాకా బిగబట్టు." నిమిషం ఆగి రెండోసారి. తర్వాత "వేడి టీ మీద ఊదినట్టు ఊదు తల్లీ" అంటూ నాతో పాటు మీరూ ఊదారు. మీ ఆయనకూ ఇదే బాధట, ఇరవై ఏళ్లుగా.

పావుగంటలో సర్దుకుంది. ఈలోగా నర్సు పిలిచింది, తిరిగొచ్చేసరికి మీరు లేరు. నాన్న కులాసా. మీరు మంచినీళ్లిచ్చిన స్టీలు గ్లాసు మా దగ్గరే ఉండిపోయిందమ్మా.