సగం భోజనంలో లేచిపోయినందుకు సంజాయిషీ

ఒరేయ్ బావా,

మొన్న మీ ఇంట్లో భోజనం మధ్యలో లేచి, చెయ్యి కడుక్కుని, ముందు గదిలో కుర్చీ లాక్కుని బిగుసుకుపోయి కూర్చున్నాను కదా, దానికి చెల్లెమ్మ ఇంకా నొచ్చుకుంటోందని మా ఆవిడ చెప్పింది. వంట కుదరలేదేమో అనుకుందట. ముందు ఆ మాట ఆమె మనసులోంచి తీసెయ్. వంట బాగా కుదిరింది, అదే వచ్చిన చిక్కు. బాగుందని రెండోసారి కూడా వడ్డించుకున్నాను. ఫోన్‌లో నువ్వు అడిగితే "ఏం లేదురా, కాస్త గ్యాస్" అని దాటేశాను. అది అబద్ధం కాదు, అలాగని మొత్తం నిజమూ కాదు. నోటితో చెప్పడం మొదలుపెడితే నువ్వు మధ్యలో జోకులేస్తావు, నేనూ నవ్వేసి వదిలేస్తాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నాకు అబ్లేషన్ అయ్యి ఏడు నెలలు. ఏం చేశారో నీకు సరిగ్గా చెప్పనేలేదనుకుంటా. గుండె పై గదుల్లో కరెంటు క్రమం తప్పి, ఆ గదులు ముడుచుకోవడం మానేసి ఊరికే వణుకుతుంటే దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. మా పేషెంట్ల భాషలో ఏఫిబ్. ఆ దొంగ కరెంటు చాలావరకు ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు, అదే ఎడమవైపు పై గదికి, రక్తం తెచ్చే సిరల మొదట్లో పుడుతుందని ఫ్రాన్స్‌లో బోర్డో డాక్టర్లు 1998లో చూపించారు. అప్పట్నుంచి చికిత్స దారే మారింది. తొడ మొదట్లో ఉన్న సిరలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, ఆ సిరలు కలిసే చోట చుట్టూ కాల్చో, బాగా చల్లబరిచి గడ్డకట్టించో మచ్చ చేస్తారు. మచ్చలోంచి కరెంటు దాటదు. పొలానికి గట్టు వేసినట్టన్నమాట.

గట్టు వేశారు కదా, ఇక పీడ విరగడైందనుకున్నాను. మొదటి రెండు మూడు నెలలు లెక్కలోకి రావని, కాలిన చోట వాపు తగ్గి మచ్చ గట్టిపడే దాకా దడ వచ్చినా చికిత్స చెడినట్టు కాదని డాక్టరు ముందే చెప్పారు. చెవికెక్కింది గానీ గుండెకెక్కలేదు.

కడుపు సంగతి కూడా చెప్పే ఉంటారు. నేను విన్నట్టు లేదు. మన అన్నవాహిక ఉంది చూడు, అది ఎడమ కర్ణికకు సరిగ్గా వెనకాలే ఉంటుంది. రెంటికీ మధ్య కొన్ని మిల్లీమీటర్లే. ఆ అన్నవాహికను అంటిపెట్టుకునే వేగస్ నరం కొమ్మలు కడుపులోకి దిగుతాయి. గుండె లోపల కాలుస్తుంటే ఆ సెగ కొందరిలో నరానికీ తగులుతుంది. అప్పుడు కడుపు మందగిస్తుంది, తిన్నది కిందికి జారకుండా గంటలకొద్దీ అక్కడే కూర్చుంటుంది. నాలుగు ముద్దలకే నిండిపోయినట్టుండటం, ఉబ్బరం, వికారం. ఎక్కువమందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటుంది. అన్నవాహికలో పుండు పడకుండా కొన్ని వారాలు ఆసిడ్ తగ్గించే మాత్ర ఇచ్చారు. ఆ మాత్ర "గ్యాస్‌కేలే" అనుకుని రెండో వారానికే నాలుగు రోజులు ఎగ్గొట్టిన ఘనుణ్ణి నేను. అలా చెయ్యకూడదు.

మూడో నెలలో ఒక రాత్రి సంగతి చెప్తాను. ఆ రోజు పని ఆలస్యమై, తొమ్మిదిన్నరకు ఆకలి మీద గబగబా తినేసి, పదింటికే పడుకున్నాను. ఎడమవైపు తిరిగి. రెండు దాటాక మెలకువ వచ్చింది. దిండులోంచి గుండె చప్పుడు వినిపిస్తోంది. ఎడమవైపు పడుకుంటే గుండె పక్కటెముకలకు దగ్గరగా జరుగుతుంది కాబట్టి ఎవరికైనా అంతేనట, ఆ సంగతి అప్పుడు తెలీదు. మణికట్టు మీద రెండు వేళ్లు వేసి నాడి పట్టాను. టక్, టక్, టక్, టక్... ఖాళీ. తర్వాత ఛాతీలో ఒక్కటే "ధన్". లోపల చేప ఎగిరి పడినట్టు. మళ్లీ టక్, టక్, ఖాళీ, ధన్. ఒళ్లంతా చెమట. మా ఆవిణ్ణి లేపాలా వద్దా అని ఆలోచిస్తుంటే దడ ఇంకా పెరిగింది. లేచి కూర్చున్నాను. కూర్చోగానే ఇంత పొడవు త్రేన్పు వచ్చింది. దాంతో పాటే గుండె కూడా తగ్గినట్టు అనిపించింది. అయినా ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడికెళ్లాక ఈసీజీ తీస్తే ఏఫిబ్ లేదు, అప్పుడప్పుడూ ఒకటి రెండు అదనపు బీట్లు మాత్రమే. కొండను తవ్వి ఎలుకను పట్టారు. డ్యూటీలో ఉన్న డాక్టరు "గ్యాస్ అండీ" అని నవ్వి పంపించేశాడు. వచ్చినందుకు సిగ్గేసింది, ఆ నవ్వు మాత్రం నాకు నచ్చలేదు. గ్యాసే అయితే గుండె ఎందుకు ఎగిరిపడిందో చెప్పాలి కదా!

తర్వాత మా గుండె డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. బీటు "మిస్" అయిందని మనం అనుకుంటాం గానీ అది మిస్ కాదట, తొందరపడి ముందే వచ్చేస్తుంది. రక్తం సరిగ్గా నిండకముందే కొట్టింది కాబట్టి ఆ దెబ్బ మణికట్టు దాకా అందదు, అదే మనకు ఖాళీ. ఆ తర్వాత గుండె కాస్త ఆగుతుంది, ఆ సందులో నిండుగా నిండుతుంది, తర్వాతి దెబ్బ గట్టిగా పడుతుంది. అదే ధన్. అంటే నన్ను భయపెట్టిన దెబ్బ తప్పు దెబ్బ కాదు, సరైన దెబ్బేనన్నమాట. ఈ ఒక్క ముక్క ఆ రాత్రే ఎవరైనా చెప్పి ఉంటే ఆరు కిలోలు తగ్గేవాణ్ణి కాదు.

కడుపుకీ దీనికీ లంకె కొత్తదేం కాదట. లుడ్విగ్ రోమ్‌హెల్డ్ అనే జర్మన్ డాక్టరు 20వ శతాబ్దం మొదట్లోనే రాశాడు. కడుపు ఉబ్బితే ఉదరవితానం, అదే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, పైకి నెట్టుకొస్తుంది. గుండె దాని మీదే కూర్చుని ఉంటుంది. పైగా కడుపునీ గుండెనీ చూసుకునేది అదే వేగస్ నరం. తిన్న తర్వాత, పడుకున్నాక, రాత్రిపూట ఆ నరం జోరుగా ఉంటుంది. కొందరికి ఏఫిబ్ సరిగ్గా ఆ వేళల్లోనే వస్తుంది. పరిగెత్తేటప్పుడు రాదు, సోఫాలో జారగిలబడినప్పుడు వస్తుంది. విచిత్రం చూడు.

ఆరు కిలోల సంగతి. ఆ రాత్రి తర్వాత నేను తిండిని శత్రువులా చూడటం మొదలుపెట్టాను. ఒకరోజు ఒకటి తిన్నాక ధన్‌మంటే దాన్ని మానేశాను, ఇంకోరోజు ఇంకోటి. కాఫీ మానేశాను, పాలు మానేశాను, నూనె, కారం, పులుపు, తీపి. చివరికి ఏమీ తినని రోజు కూడా ధన్‌మంది. అప్పుడైనా బుద్ధి రావాలా? లేదు, నీళ్లని అనుమానించాను! చేతి గడియారంలో ఈసీజీ తీసుకోవడం రోజుకు నలభై సార్లకు చేరింది. తీసిన ప్రతిసారీ ఏముందోనన్న టెన్షన్‌తోనే గుండె వేగం పెరిగేది, పెరిగిందని మళ్లీ తీసేవాణ్ణి. అబ్లేషన్ తర్వాత కొన్ని నెలలపాటు, ఖాళీగా కూర్చున్నప్పుడు కూడా గుండె వేగం ముందుకన్నా కాస్త ఎక్కువ ఉండటం చాలామందిలో మామూలేనట. గుండె చుట్టూ ఉండే సన్న నరాలకు కూడా సెగ తగులుతుంది కాబట్టి. అది తెలీక, డెబ్బై ఉండేది ఎనభై రెండయిందని నేను పెట్టిన ఏడుపు అంతా ఇంతా కాదు.

నన్ను ఒడ్డున పడేసింది రెండు రూళ్ల పుస్తకం. మా ఆవిడ ఐడియా. ఏం తిన్నాను అన్నది కాకుండా, ఎంత తిన్నాను, ఎన్నింటికి, తిన్నాక ఏం చేశాను, దడ ఎప్పుడొచ్చింది, త్రేన్పు వచ్చాక పోయిందా లేదా, ఇవి రాయమంది. ఐదు వారాలు రాశాను. చూస్తే నేను ఉరి తీసిన పదార్థాల్లో సగం నిర్దోషులు. దొంగలు వేరే. పొట్ట పగిలేలా తినడం. రాత్రి ఆలస్యంగా తిని మూడు గంటలు కూడా ఆగకుండా పడుకోవడం. దాహం మీద బాగా చల్లటి నీళ్లు ఒక్క గుక్కలో తాగడం, ఇది మాత్రం గడియారం పెట్టి చూసినట్టు మూడుసార్లకు మూడుసార్లూ పట్టించింది. తిన్న వెంటనే వంగి బూట్ల లేసులు కట్టుకోవడం. ఇంకోటి, పొద్దున్నించీ భయంతో పస్తుండి సాయంత్రం ఆవురావురుమని తినడం.

ఇలా పరీక్ష పెట్టుకోవడం నా ఒక్కడి పిచ్చి కాదురా. ఏఫిబ్ ఉన్నవాళ్ల చేత ఎవరి అనుమానాన్ని వాళ్లే పరీక్షించేలా చేసిన అధ్యయనం ఒకటి 2021లో వచ్చింది. అనుమానించినవాటిలో నిలబడింది మద్యం ఒక్కటే. కాఫీ నిలబడలేదు. 2025లో 200 మందితో చేసిన ఇంకో దాంట్లో అయితే, రోజుకు ఒక కప్పైనా కాఫీ తాగినవాళ్లలోనే ఏఫిబ్ తిరగబెట్టడం తక్కువ. డాక్టర్ని అడిగి నేను పొద్దున ఒక కప్పుతో మళ్లీ మొదలుపెట్టాను. ఛాతీలో మంట వచ్చే రోజు తాగను, అంతే. నీతో కూర్చునే మందు మాత్రం ఇక లేదు. ఆ విషయంలో బతిమాలకు.

ఆసిడ్ మాత్ర గురించి ఒక మాట. మంచిదే కదా అని గడువు దాటాక కూడా వేసుకుంటూ పోయాను. ఏళ్ల తరబడి వాడితే కొందరిలో ఒంట్లో మెగ్నీషియం పడిపోతుంది, అది పడిపోతే గుండె లయ చెడుతుంది. ఈ సంగతి మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. కడుపు కోసం వేసుకున్నది గుండెకు ఎసరు పెట్టడమంటే ఇదే. నాది నెలల వ్యవహారమే కాబట్టి రక్తపరీక్షలో బాగానే ఉంది. ఒక్కసారిగా ఆపితే ఆసిడ్ ఎగదన్నుతుందని, డాక్టరు మెల్లగా తగ్గిస్తూ మాన్పించారు.

ప్రతిదాన్నీ గ్యాస్ ఖాతాలో వేసేస్తున్నాననుకోకు. ఛాతీలో బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి తగ్గకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యి లాగినా నన్ను అడగకుండా ఆసుపత్రికి ఎత్తుకుపో. రక్తం పలచబడే మాత్ర ఇంకా వేసుకుంటున్నాను కాబట్టి మలం నల్లగా వచ్చినా చెప్పమన్నారు, ఒళ్లు నొప్పుల మాత్రలు సొంతంగా మింగొద్దన్నారు. అబ్లేషన్ అయిన మొదటి కొన్ని వారాల్లో జ్వరంతో పాటు మింగుడు పడకపోతే మాత్రం అది చాలా అరుదైన, ప్రాణాల మీదికి తెచ్చే సంగతి. గుండెకీ అన్నవాహికకీ మధ్య చిల్లు పడటం. నాకు ఆ గడువు దాటిపోయింది. మీ ఆఫీసులో ఒకాయనకు వచ్చే నెల ఇదే చేస్తారన్నావు కదా, ఆయన చెవిన వెయ్యి. అప్పుడు వెళ్లాల్సింది మామూలు గ్యాస్ డాక్టరు దగ్గరికి కాదు, అబ్లేషన్ చేసిన చోటికే. అబ్లేషన్ అయిందని మొదటి మాటలోనే చెప్పాలి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. రెండోసారి వడ్డించుకున్నాక ఉబ్బరం మొదలైంది, ఆ పైన రెండు ధన్‌లు. నువ్వేమో "కాసేపు నడుం వాల్చరా" అంటూ చెయ్యి పట్టి మంచం వైపు లాగావు. నాకు కావాల్సింది సరిగ్గా దానికి ఎదురు. నిటారుగా కూర్చోవడం, నెమ్మదిగా ఊపిరి వదలడం, కాసేపయ్యాక నాలుగడుగులు వెయ్యడం. అందుకే ఆ కుర్చీ. పావుగంటలో తగ్గింది, కానీ అప్పటికే చెల్లెమ్మ మొహం చూసి నాకు మాట రాలేదు. ఈసారి వస్తే పళ్లెంలో సగమే పెట్టమను, మిగతాది డబ్బాలో కట్టిమ్మను. రెండు గంటలాగి తింటాను, వట్టి మాట కాదు.

గడియారం సొరుగులో పడేశాను. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి తీసి చూస్తాను. ఈ ఉత్తరం రాస్తుంటే మధ్యలో ఒకసారి ధన్‌మంది, కలం ఆగింది, చెయ్యి సొరుగు దాకా వెళ్లి వెనక్కొచ్చింది. పక్క గదిలోంచి మా ఆవిడ "త్రేన్పు వచ్చిందా?" అని అడిగింది. నా మొహం చూడకుండానే ఎలా కనిపెడుతుందో!

వచ్చే మంగళవారం మళ్లీ హోల్టర్ పెడతారు, అదే ఒంటికి కట్టుకుని తిరిగితే రోజంతా ఈసీజీ తీసే మిషన్. దాన్ని కనిపెట్టిన నార్మన్ హోల్టర్ కట్టిన మొదటి యంత్రం దాదాపు 38 కిలోలు, వీపున మోయాల్సి వచ్చేదట. ఇప్పుడది అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. 24 గంటల్లో గుండె దగ్గర దగ్గర లక్షసార్లు కొట్టుకుంటుంది, పోయినసారి నావాటిలో 212 అదనపువి వచ్చాయి. లక్షకు ఆ మాత్రం ఏ ఆరోగ్యవంతుడికైనా ఉండొచ్చని డాక్టరు పట్టించుకోలేదు. మిషన్‌తో పాటు ఒక కాగితం ఇస్తారు. దడ వచ్చిన ప్రతిసారీ టైము వేసి, అప్పుడు ఏం చేస్తున్నానో రాయాలి. కాబట్టి మంగళవారం ఫోన్ చెయ్యకు. చేస్తే ఆ గడిలో నీ పేరు రాయాల్సొస్తుంది.

నీ
బావ