న్యూజెర్సీలోని మన ఎడిసన్‌లో ఏ పనికి ఎవరిని అడగాలి

అందరికీ నమస్కారం. స్కూల్ బస్సు సంగతి మేయర్‌ని అడుగుదామని నిన్న ఎవరో అన్నారు. అది మేయర్ చేతిలో లేదండి. బడులకు విడిగా ఎన్నికైన 9 మంది బోర్డు ఉంది, బస్సులు వాళ్లే చూస్తారు.

టౌన్‌షిప్‌కి, అంటే మన ఊరి పాలనకి, మేయర్, ఏడుగురు కౌన్సిల్ సభ్యులు, పదవీకాలం 4 ఏళ్లు. వార్డులు లేవు కాబట్టి ఏడుగురినీ ఊరంతా కలిసి ఎన్నుకుంటుంది, ఎవరినైనా నిలదీయొచ్చు. బడ్జెట్ తయారీ మేయర్‌ది, ఆమోదం కౌన్సిల్‌ది. మన వీధిలో మంచు, చెత్త, పోలీసు, పార్కులు వీళ్ల కిందే. రూట్ 27 రాష్ట్ర రహదారి, దాని మీద గుంత పడితే మాత్రం రాష్ట్రానికి చెప్పాలి.

మనం కట్టే ఇంటి పన్నులో పెద్ద వాటా బడులకే పోతోంది. ఓటున్నవాళ్లు బోర్డు ఎన్నికలు దయచేసి వదలొద్దు. ఓటు లేనివాళ్లూ కౌన్సిల్ మీటింగుకి వచ్చి మాట్లాడొచ్చు, రండి.