నడుము నొప్పి సార్ అంటే బామ్ రాసి మళ్లీ బాల్ ఇస్తున్నాం

ఎడిటర్ గారికి నమస్కారాలు,

మొన్న మీ లేఖల పేజీలో ఒక పెద్దాయన బుమ్రా గురించి రాసింది చదివాను. అయిదు టెస్టుల సిరీస్‌కి ఇంగ్లండ్ దాకా వెళ్లి మూడే ఆడతాడా, బౌలర్ మీద ఎంత భారం పడుతుందో లెక్కేసే ఈ వర్క్‌లోడ్ గోలంతా డబ్బున్నోళ్ల జబ్బు, మా రోజుల్లో కపిల్ దేవ్ 131 టెస్టులు ఆడాడు, దెబ్బ తగిలిందని ఒక్కటి కూడా మానలేదు, మన సిరాజ్‌ని చూసి నేర్చుకోమనండి అని ఆయన బాధ. కపిల్ సంగతి నిజమే, సిరాజ్ సంగతీ నిజమే. 2025లో ఆ అయిదు టెస్టులూ ఆడి 185 ఓవర్లు పైనే వేసి 23 వికెట్లు తీసాడు, ఓవల్‌లో 6 పరుగులతో గెలిచిన రోజు మా స్టాఫ్ రూమ్‌లో క్రికెట్ తెలియని మేడమ్‌లు కూడా చప్పట్లు కొట్టారు. కానీ నేను పీఈటీనండి, రోజూ చూసేది పదమూడు పదహారేళ్ల పిల్లల్ని. ఇలాంటి మాటలు పేపర్లో ఆగవు, గ్రౌండ్‌లోకి వచ్చేస్తాయి. నడుము నొప్పి సార్ అని పిల్లోడు అంటే ‘కపిల్ దేవ్ ఎప్పుడైనా అన్నాడా’ అనేవాళ్లు ఇప్పటికే ఉన్నారు, ఆ లేఖ చదివాక ఇంకో నలుగురు అంటారు. అందుకని రాస్తున్నా. కొంచెం పెద్దదైంది, ఎక్కడ కత్తిరించినా పర్లేదు గానీ ఓవర్ల లెక్క ఉన్న పేరా మాత్రం తీసేయకండి.

ముందు బుమ్రా సంగతి. 2019లో నడుం కింది భాగంలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే మళ్లీ మళ్లీ ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నటి పగులు, అన్నారు, 2022లో మళ్లీ అదే నడుముతో టీ20 వరల్డ్ కప్ పోయింది, 2023 మార్చిలో న్యూజిలాండ్ వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నాడు, ఆగస్టులో గానీ మళ్లీ గ్రౌండ్‌లోకి రాలేదు. తర్వాత ఆస్ట్రేలియా టూర్లో ఆరేడు వారాల్లో 151 ఓవర్లు వేసాడు, 32 వికెట్లు తీసాడు, చివరి టెస్టు సిడ్నీలో మధ్యలోనే స్కానింగ్‌కి వెళ్లాల్సొచ్చింది, దాంతో 2025 చాంపియన్స్ ట్రోఫీ కూడా పోయింది. ఇన్నిసార్లు ఒకే చోట దెబ్బతిన్న మనిషిని మూడు టెస్టులే ఆడించడం సుకుమారం ఎలా అవుతుంది? ఆయనకి ఫిజియో ఉన్నాడు, స్కాన్ మెషిన్ ఉంది, ఎన్ని బంతులు వేసాడో రాసే మనిషి ఉన్నాడు. ఇవన్నీ ఉండి కూడా అలా అయ్యింది. మా పిల్లలకి ఇందులో ఒక్కటీ లేదు.

కపిల్‌తో పోలిక ఎందుకు తప్పంటే, నిలబడ్డవాళ్ల పేర్లే మనకి తెలుస్తాయి, పదహారేళ్లకి నడుము పోయి బాల్ పక్కన పెట్టేసిన పిల్లల పేర్లు ఏ పేపర్లోనూ రావు. అసలు ఈ గాయం కొత్తదేం కాదు. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెన్నిస్ లిల్లీకి 1973 వెస్టిండీస్ టూర్లోనే వెన్నుపూసల్లో పగుళ్లొచ్చాయి, అప్పట్లో నడుముకి ప్లాస్టర్ వేసి కూర్చోబెట్టారు, ఏడాది పైన పట్టింది తిరిగి రావడానికి. ఆ లిల్లీనే తర్వాత 1987 నుంచి చెన్నై ఎంఆర్‌ఎఫ్ పేస్ ఫౌండేషన్‌లో మన కుర్రాళ్లకి బౌలింగ్ నేర్పాడు. ఇంకొకాయన ప్యాట్ కమిన్స్, ఆయనా ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలరే, 18 ఏళ్లకి 2011లో జొహనెస్‌బర్గ్‌లో మొదటి టెస్టు, ఒకే ఇన్నింగ్స్‌లో 6 వికెట్లు, మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్. రెండో టెస్టు ఎప్పుడాడాడో తెలుసా అండి, 2017 మార్చిలో మన రాంచీలో! మధ్యలో అయిదేళ్లు పైన, ఎక్కువగా నడుము గాయాలతోనే పోయాయి. ఆస్ట్రేలియా బోర్డు లాంటిది వెనకాల ఉంది కాబట్టి ఆగి ఆగి తిరిగొచ్చాడు, మా ఊరి ఆటో డ్రైవర్ కొడుకైతే ఆ అయిదేళ్లు ఎవరు ఆగుతారు?

అసలు ఏం జరుగుతుందో సింపుల్‌గా చెప్తాను. కుడిచేత్తో స్పీడ్ వేసేవాడు పరిగెత్తుకొచ్చి ఎడమ కాలు గట్టిగా దించుతాడు కదా, ఆ క్షణంలో వాడి ఒంటి బరువుకి అయిదారు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ బలం ఆ కాలి మీద పడి అక్కణ్ణుంచి నడుముకి పాకుతుంది. సరిగ్గా అదే టైమ్‌లో నడుము వెనక్కి వంగి ఉంటుంది, పక్కకి వాలి ఉంటుంది, పైగా తిరుగుతూ ఉంటుంది, తడి బట్ట పిండినట్టు. వెన్నుపూస వెనక భాగంలో పై కీలునీ కింది కీలునీ కలిపే సన్నటి ఎముక ముక్క ఒకటుంటుంది, ఈ దెబ్బంతా దాని మీదే. అన్నిటికంటే కింద ఉండే నడుం పూసలో, కుడిచేతి బౌలర్‌కి ఎడం వైపు ఎక్కువగా వస్తుంది. ఒక్క బంతితో ఏం కాదు, కంటికి కనపడని నలుగుడు పడుతుంది, రెస్ట్ ఇస్తే ఎముక తనంతట తనే సర్దుకుంటుంది. సర్దుకునే లోపే మళ్లీ మళ్లీ వేస్తే అది పగులవుతుంది. ఇంకో సంగతి, పదిహేనేళ్ల పిల్లాడు చూడ్డానికి ఆరడుగులున్నా ఆ నడుం ఎముక ఇంకా గట్టిపడలేదు, ఇరవై దాటాక గానీ పూర్తిగా గట్టిపడదు. పొడుగ్గా ఉన్నాడు కదా అని వాడికే ఎక్కువ ఓవర్లిస్తాం మనం.

యాక్షన్ వల్ల కూడా వస్తుంది. నడుం నుంచి కిందంతా ఒక దిక్కు చూస్తుంటే భుజాలు ఇంకో దిక్కు తిరిగేవాళ్లుంటారు, మిక్స్‌డ్ యాక్షన్ అంటాం, అది నడుముకి మంచిది కాదని కోచ్‌లు ఎప్పట్నుంచో చెప్తూనే ఉన్నారు. ఇప్పుడేమో రీల్స్ చూసి ప్రతివాడూ బుమ్రా లాగానో మలింగ లాగానో వేస్తున్నాడు. సరదాకి అయితే సరే, రోజూ అలాగే వేస్తా అంటే చిన్నప్పుడే సరిచేయాలి, పదో క్లాసుకొచ్చాక మార్చమంటే స్పీడ్ పోతుందని భయపడి వినరు.

కానీ నా అసలు గొడవ యాక్షన్ గురించి కాదు, లెక్క గురించి. మా దగ్గర కాస్త స్పీడ్ వేసే కుర్రాడు ఎవడైనా నాలుగు చోట్ల ఆడతాడు. పొద్దున్నే అకాడమీ నెట్స్, సాయంత్రం స్కూల్ టీమ్, ఆదివారం వాళ్ల పేటలో టెన్నిస్ బాల్ టోర్నమెంటు, పండగొస్తే అమ్మమ్మ వాళ్లూరి టీమ్. అకాడమీ కోచ్‌కి తన నెట్స్‌లో వేసినవే తెలుసు, నాకు నా మ్యాచ్‌లో వేసినవే తెలుసు, టోర్నమెంటు పెట్టినోళ్లకి అసలు అవసరమే లేదు. నాలుగూ కలిపి కూడేవాడు ఒక్కడూ లేడు. నెట్స్‌లో బ్యాట్స్‌మన్లు మారుతుంటారు గానీ బౌలర్ మారడు, గంటన్నర వాడే వేస్తాడు, అవి ఓవర్లుగా ఎవరూ రాయరు. సంక్రాంతి టోర్నమెంట్లలో మనిషికి రెండు ఓవర్లే కదా అంటారు, రోజుకి మూడు మ్యాచ్‌లు, మధ్యలో చెట్టు కింద కూర్చుని ఒళ్లంతా చల్లబడ్డాక మళ్లీ లేచి ఫుల్ స్పీడ్. టెన్నిస్ బాల్ తేలిక అండి, దాంతో ఏమవుద్ది అని ఒక తండ్రి నన్నే అడిగాడు. బాల్ తేలికే, కానీ నడుముకి దెబ్బ బాల్ బరువు వల్ల కాదు, కాలు దించడం వల్ల. పైగా సిమెంట్ పిచ్, కాళ్లకి అరిగిపోయిన కేన్వాస్ బూట్లు.

ఇంకోటి చాలామందికి తెలియదు, ఎక్కువ వేసిన వారమే నొప్పి రావాలని లేదు. సెలవుల్లో ఒక్కసారిగా డబుల్ వేసేస్తాడు, ఏం కాలేదు చూసావా అంటాడు, మూడు నాలుగు వారాలకి స్కూల్ తెరిచాక మొదలవుతుంది. అప్పుడు బ్యాగ్ బరువనో, బైక్ మీద గుంతల్లో తిరిగాడనో అంటారు. పరీక్షల కోసం రెండు నెలలు మానేసి క్యాంప్ మొదటి రోజే పూర్తి రన్నప్‌తో దిగినా అంతే.

మా స్కూల్లో పోయినేడాది ఒక పదో క్లాస్ కుర్రాడికి ఇదే జరిగింది. బౌలింగ్ చేస్తే ఎడం పక్క నడుములో పోటు, నాలుగు రోజులు మానేస్తే తగ్గిపోవడం, మళ్లీ వేస్తే మళ్లీ. అకాడమీలో స్ప్రే కొట్టి పంపారు, ఇంట్లో బామ్ రాసారు, దగ్గర్లో ఒకచోట ఇంజెక్షన్ చేసి ఎక్స్‌రే తీసి ఏం లేదు కండరం పట్టేసింది అన్నారు. ఈ పగులు మొదట్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదండి, ఎంఆర్‌ఐలో గానీ సీటీలో గానీ తెలుస్తుంది. ఎంఆర్‌ఐ అంటే వేలల్లో, వాళ్ల నాన్న సీజన్ అయ్యేదాకా ఆగాడు. ఈలోగా పెయిన్ కిల్లర్ వేసుకుని మ్యాచ్‌లు ఆడించారు, నొప్పి తెలియకుండా పగులు మీదే బౌలింగ్ అన్నమాట. చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు కట్టిస్తాం, నడుములో పగిలితే కట్టడానికి చోటేదీ, దానికి మందు బౌలింగ్ ఆపడమే. త్వరగా పట్టుకుంటే మూడు నాలుగు నెలలు ఆపితే చాలామందికి అతుక్కుంటుంది, ఆ తర్వాత కూడా సగం రన్నప్‌తో, కొన్ని బంతులతో మెల్లగా పెంచుకుంటూ రావాలి. ఆలస్యమైతే రెండో వైపు కూడా పగిలి పూస ముందుకి జారే ప్రమాదం ఉంది. మా వాడికి ఒక వైపే, బతికాం.

అందుకే పెద్దవాళ్లకి ఒక్క మాట. స్పీడ్ వేసే పిల్లాడికి ఒక పక్కనే నడుము నొప్పి, వెనక్కి వంగితే ఎక్కువ, వేస్తే వస్తుంది మానేస్తే పోతుంది అంటే, కండరమే అని తేలేదాకా పగులు అనే అనుకోండి, బౌలింగ్ ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించండి, వీడు ఫాస్ట్ బౌలర్ అని గట్టిగా చెప్పండి, చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది. ముందుకి వంగినా ఎక్కువసేపు కూర్చున్నా నొప్పి కాల్లోకి దిగుతుంటే అది డిస్క్ వైపు సంగతి కావచ్చు. కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గడం, మూత్రం దగ్గర తేడా, రాత్రి నిద్రలో కూడా తగ్గని నొప్పి, జ్వరం, ఇవుంటే ఇక ఆగొద్దు, ఆ రోజే వెళ్లాలి.

ఇదిగో ఆ లెక్క. ఇంగ్లండ్ బోర్డు పిల్లల ఫాస్ట్ బౌలింగ్‌కి హద్దులు పెట్టింది, వాళ్లు అప్పుడప్పుడు మారుస్తుంటారు గానీ చాలా ఏళ్లు నడిచింది ఇది: అండర్ 13 వాళ్లకి ఒక స్పెల్‌లో, అంటే ఆపకుండా ఒక విడతలో, 5 ఓవర్లు, రోజు మొత్తానికి 10. అండర్ 14, 15 వాళ్లకి స్పెల్‌కి 6, రోజుకి 12. అండర్ 16 నుంచి 19 దాకా స్పెల్‌కి 7, రోజుకి 18. స్పెల్ అయ్యాక అదే ఎండ్ నుంచి అన్ని ఓవర్లు వేరేవాళ్లు వేసేదాకా వాడికి బాల్ ఇవ్వకూడదు. మన ఎండలకి, మన పిల్లల తిండికి ఇది కూడా ఎక్కువేనని నా అభిప్రాయం.

నేను మా పిల్లలకి కిట్ బ్యాగ్‌లో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టించాను. ఎక్కడ వేసినా, నెట్స్ అయినా టెన్నిస్ బాల్ అయినా, ఫుల్ స్పీడ్‌తో వేసిన ప్రతి బంతీ రాయాలి, శనివారం నాకు చూపించాలి. ఒక వారం 100 బంతులు వేసినవాడు తర్వాతి వారం 200 వేయకూడదు, వరసగా రెండు రోజులు స్పీడ్ వేయకూడదు, వారంలో కొన్ని రోజులు అసలు బాల్ ముట్టకూడదు. మొదట్లో దొంగ లెక్కలు రాసారు, ఇప్పుడు ఒకళ్ల దొంగ లెక్క ఇంకొకళ్లు పట్టిస్తున్నారు. దీనితోపాటు ప్లాంక్, సైడ్ ప్లాంక్, వెల్లకిలా పడుకుని పిరుదులు పైకి లేపే బ్రిడ్జ్, ఒంటి కాలి మీద కూర్చుని లేవడం, తొడ వెనక కండరాలు సాగదీయడం, రోజూ పావుగంట. కొన్ని చోట్ల పనిష్మెంట్‌గా వందేసి సిటప్స్, కప్పగెంతులు చేయిస్తున్నారు, అది ఫిట్‌నెస్ కాదు సార్, కోపం. నడుముకి బెల్టు కట్టుకుంటే పగులు రాదనేది కూడా నమ్మొద్దు. పాలు, గుడ్డు, రాగి సంగటి, కాస్త ఎండ, ఎనిమిది గంటల నిద్ర, ఇవి ఫోన్ పక్కన పెడితే గానీ జరగవు.

పెద్దవాళ్ల షటిల్, వాలీబాల్ నొప్పుల గురించి రాస్తే ఇంకో లేఖ అవుతుంది. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం పొద్దున్నే వార్మప్ లేకుండా స్మాష్‌లు కొట్టే మా కొలీగ్స్‌కి కూడా సగం జవాబు పైనే ఉంది.

ఇప్పుడు మీతో పని. వేసవి శిక్షణ శిబిరాల ప్రకటనలు మీ జిల్లా పేజీలోనే వస్తాయి, ఫీజు ఎంత, కోచ్ ఎవరు, ఎన్ని పిచ్‌లున్నాయి అన్నీ ఉంటాయి. ఆ సీజన్‌లో వారానికి ఒక్కసారి ఆ ప్రకటనల పక్కన నేను రాసిన ఓవర్ల లెక్క చిన్న బాక్స్‌లో వేయండి, మీ దగ్గర స్పోర్ట్స్ డాక్టర్లు రాసేవాళ్లుంటే వాళ్లతో ఒకసారి చూపించి వేయండి. స్కూల్ గేమ్స్ అధికారులకి కూడా ఒక మాట అడుగుతున్నా, టోర్నమెంట్ ఎంట్రీ ఫారంలో పుట్టిన తేదీ గడి ఉంటుంది, దాని పక్కన ‘గత నాలుగు వారాల్లో వేసిన ఓవర్లు’ అని ఇంకో గడి పెట్టండి, నింపే బాధ్యత మాది. పేపర్లో వేస్తే ఆ కటింగ్ మా గ్రౌండ్ స్టోర్ రూమ్ తలుపుకి అంటిస్తాను, బాల్స్ అక్కడే తీసుకుంటారు కాబట్టి.

ఇట్లు,
ఒక పీఈటీ, తెనాలి